సన్న గొట్టం, లావు గుండు

నల్లబండ జలాశయ రక్షణ దళం కార్యాలయంలో నేను ఇరవై రెండేళ్ళు సీనియర్ అసిస్టెంటుగా పనిచేశాను. ఆ దళం చరిత్రలో, గురి సాధన పోను, పేలిన తూటాలు బహు కొద్ది. వాటిలో ఒకదాని వల్లే ఈ సంగతంతా జరిగింది.

ఒక ఎండాకాలం పొద్దున ఓబులేసు అనే కానిస్టేబులు కాపలా దిగి, తన పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ తుడుచుకుంటూ, లోపల తూటా లేదనుకుని ట్రిగ్గర్ నొక్కాడు. తూటా ఉంది. అది అతిథి గృహం మీదున్న నీళ్ళ ట్యాంకులో ఒక పక్క దూరి రెండో పక్కన బయటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే కింద చీఫ్ ఇంజనీరు గారు తలకి సబ్బు రాసుకుని ఉన్నారు. ఆనకట్ట వెనక మైళ్ళ పొడుగునా నీళ్ళున్నాయి గానీ ఆయన కుళాయిలో చుక్క లేదు. ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. విచారణ నివేదిక నేనే టైపు చేశాను. 'ప్రాణనష్టం లేదు. ఆస్తినష్టం స్వల్పం. స్నాననష్టం తీవ్రం' అని అందులో ఉంది.

పై నెలలోనే 'సురక్షిత ఆయుధ విధానం' వచ్చింది. దాన్ని అమలు చేయడానికి రాజధాని నుంచి బాలముకుందం గారు ప్రత్యేకాధికారిగా వచ్చారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉండేవారు. వచ్చిన రోజే మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టారు.

"ఈ ఘటనలో ఓబులేసు దోషి కాదు. ట్యాంకు దోషి కాదు. వ్యవస్థ దోషి. మన రైఫిళ్ళు చూడడానికి పురాతనంగా ఉన్నాయి. మన తూటాలు భద్రతా స్పృహ లేకుండా ఉన్నాయి. ఇక మీదట మన దగ్గర సైనిక తరహా రైఫిళ్ళు, సురక్షితమైన తూటాలు ఉంటాయి" అన్నారు.

అందరం చప్పట్లు కొట్టాం. ఓబులేసు అందరికంటే గట్టిగా కొట్టాడు.

తర్వాత ఆయన అసలు సంస్కరణ ప్రకటించారు. రైఫిల్ ఎంచుకునేవాళ్ళే తూటా కూడా ఎంచుకుంటే ఆ రెంటికీ మధ్య అనుచిత సంబంధం ఏర్పడే అవకాశం ఉంది. అందువల్ల ఆయుధాలకి ఒక కమిటీ, తూటాలకి మరో కమిటీ. ఒక కమిటీ ఏమి ఎంచుకుంటోందో రెండో కమిటీకి తెలియరాదు. తెలుసుకోవడానికి ప్రయత్నించడం క్రమశిక్షణా రాహిత్యం. రెండు కమిటీల గదులూ ఒకే వరండాలో ఉండడంతో మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టించారు. టీ కూడా వేర్వేరు ఫ్లాస్కుల్లో వెళ్ళేది.

ఆయుధాల కమిటీకి మా కమాండెంట్ రణధీర్ గారు అధ్యక్షులు. తూటాల కమిటీకి భద్రతా విభాగం డిప్యూటీ డైరెక్టర్ ప్రమీలాదేవి గారు అధ్యక్షురాలు. ఇద్దరూ భార్యాభర్తలు. ఇంట్లో రహస్యం ఎలా కాపాడతారని బాలముకుందం గారు రాతపూర్వకంగా అడిగారు. తాము ఇంట్లో అధికారిక విషయాలు మాట్లాడుకోబోమని ఇద్దరూ విడివిడిగా ప్రమాణపత్రాలు ఇచ్చారు. వాళ్ళ వంటమనిషిని పిలిచి విచారిస్తే, అధికారికమే కాదు, వాళ్ళు ఏ విషయమూ మాట్లాడుకోరని చెప్పింది. ప్రత్యేకాధికారి పూర్తి సంతృప్తి వ్యక్తం చేశారు.

ఇక్కడ దస్తగిరి గురించి చెప్పాలి. హెడ్ కానిస్టేబులు. ఇరవై నాలుగేళ్ళుగా మా ఆయుధాగారం అతనిదే. రైఫిళ్ళు విప్పి, తుడిచి, బాగుచేసి, మళ్ళీ బిగించే పని. కొలిచే పరికరం ఒకటి, పాత బనియను గుడ్డలో చుట్టి ఎప్పుడూ జేబులో ఉంచుకునేవాడు. మాట తక్కువ. కుడి చెవి సరిగా వినపడదు కాబట్టి అధికారులు తిడుతున్నప్పుడు ఆ చెవి వాళ్ళవైపు పెట్టి నిలబడేవాడు.

రైఫిళ్ళ ఎంపిక రోజున పెట్టెలు మోయడానికి దస్తగిరిని పిలిచారు. రెండు కమిటీలకీ మినిట్స్ రాసేది నేనే; రాసేవాడికి తెలిస్తే తెలిసినట్టు లెక్క కాదన్నారు. బల్ల మీద అయిదు రకాలు పెట్టారు. రణధీర్ గారు ఒక్కొక్కటే తీసుకుని, కిటికీ అద్దం ముందు నిలబడి, తనని తాను చూసుకున్నారు.

మొదటిది చెక్క పిడిది. "ఇది మా తాతగారి చేతికర్రలా ఉంది" అని పక్కన పెట్టారు. రెండోది పొట్టిది, పట్టుకుంటే పొట్ట కనబడుతోందన్నారు. నాలుగోది నల్లగా నిగనిగలాడుతోంది. పైనా కిందా పక్కలా ఏవేవో తగిలించుకోవడానికి రంపపు పళ్ళలా గాట్లున్నాయి. అందులో ఏమి తగిలించాలో ఎవరికీ తెలియదు గానీ, తగిలించుకోవడానికి చోటుండడం అందరికీ నచ్చింది.

"ఇది చేతికిస్తే కాలవ గేటు తిప్పే లస్కరు కూడా కమాండోలా ఉంటాడు. శత్రువు చూడగానే మనసు మార్చుకోవాలి. అంతే మనకి కావలసింది" అన్నారు రణధీర్ గారు.

గోడవారగా నిలబడ్డ దస్తగిరి నెమ్మదిగా అడిగాడు. "సార్, దీనికి ఏ తూటా పడ్తాది సార్?"

ఒక సభ్యుడు చెవులు మూసుకున్నాడు. రణధీర్ గారు రైఫిల్‌ని బల్ల మీద పెట్టి, "గురునాథం గారూ, రాసుకోండి. హెడ్ కానిస్టేబులు దస్తగిరి కమిటీ నుంచి నిషిద్ధ సమాచారం రాబట్టడానికి యత్నించాడు" అన్నారు.

రాసుకున్నాను. సాయంత్రానికి దస్తగిరికి మెమో వెళ్ళింది. దానికి అతను ఇచ్చిన సమాధానం ఒకే వాక్యం: 'చెప్పు కొనేటప్పుడు కాలు చూసుకున్నట్ల అడిగినాను, తప్పయింటే క్షమించగలరు.'

గోడకి అవతల తూటాల కమిటీ ఇంకా శ్రద్ధగా పనిచేసింది. ప్రమీలాదేవి గారు ప్రతి రకం తూటానీ బల్ల మీంచి కింద పడేయించారు. మేడ మీంచి పడేయించారు. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టించారు. టిఫిన్ క్యారియర్లో పెట్టి జీపులో గుంతల దారిన తిప్పించారు. ఏదీ పేలలేదు.

"మేడం, ఒకటి కాల్చి చూడలేదు కదా?" అన్నాను, మినిట్స్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే.

ఆమె నన్ను జాలిగా చూశారు. "గురునాథం గారూ, మనం పరీక్షిస్తున్నది భద్రతని. కాల్చడం భద్రతకి విరుద్ధమైన చర్య. భద్రతని పరీక్షించడానికి భద్రతని ఉల్లంఘిస్తామా?"

చివరికి రెండు రకాలు మిగిలాయి. రెంటికీ ఇత్తడి డొల్ల ఒకలాగే ఉంది. ఒకదానికి ముందున్న గుండు సన్నగా మొన తేలి ఉంది. రెండోదానికి లావుగా, మొద్దుగా ఉంది. ఆమె రెంటినీ అరచేతిలో గుచ్చుకుని చూశారు.

"ఇది గుచ్చుకుంటోంది. ఇది గుచ్చుకోవడం లేదు" అన్నారు. అలా సురక్షితమైన తూటా ఎంపికైంది.

మూడు నెలలకి రెండూ వేర్వేరు లారీల్లో, వేర్వేరు రోజుల్లో వచ్చాయి. నూట పన్నెండు రైఫిళ్ళు, వాటికి సరిపడా పెట్టెల తూటాలు. మర్నాడు దస్తగిరి నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ ఆఫీసు గడప తొక్కని మనిషి. జేబులోంచి ఒక తూటా, కొలిచే పరికరం తీసి నా ఫైళ్ళ మీద పెట్టాడు.

"సార్, గొట్టం సన్నం. గుండు లావు."

"అంటే పట్టదా?"

"పట్టకపోతే బాగుండు సార్. డొల్ల ఒకటే కొలత కాబట్టి లోపలికి సక్కంగ పోతాది. గుండుకే ముందరికి దావ లేదు. ట్రిగ్గర్ నొక్కితే ఎనక మందు కాల్తాది. గుండు కదల్దు. ఆ బలమంతా యాడికి పోవల్ల? ఎనక్కే వస్తాది." కాసేపు ఆగి, "ఎనక ఎవురుంటారు సార్? మనోళ్ళే" అన్నాడు.

నాకు ఆయుధాల సంగతి తెలియదు. కానీ దస్తగిరి ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. వెంటనే ఉత్తరం తయారుచేశాను. 'సన్న గొట్టం – లావు గుండు – తక్షణ పరిశీలన – గురించి' అని విషయం రాశాను.

ఉత్తరం ఆయుధాల కమిటీకి వెళ్ళింది. గుండు లావైతే అది తూటా లోపమని తిప్పి పంపారు. తూటాల కమిటీకి వెళ్ళింది. గొట్టం సన్నమైతే అది రైఫిల్ లోపమని తిప్పి పంపారు. రెండూ చదివిన బాలముకుందం గారు చాలా సంతోషించారు. "చూశారా, రెండు కమిటీల స్వతంత్రత ఎంత చక్కగా పనిచేస్తోందో!" అన్నారు. అయినా ఆయన న్యాయంగా ఆలోచించే మనిషి కాబట్టి, 'సరిపోలిక నిర్ధారణ కమిటీ' అని మూడోది వేశారు. తనే అధ్యక్షులు.

ఆ కమిటీ ఆయుధాగారంలో పావుగంట కూర్చుంది. బాలముకుందం గారు తెల్ల చేతిరుమాలు బల్ల మీద పరిచి, దాని మీద తూటా పెట్టించారు.

"ఇది రైఫిల్ లోపలికి వెళుతుందా?"

"పోతాది సార్" అన్నాడు దస్తగిరి.

"సులభంగా వెళుతుందా, బలవంతంగానా?"

"సులభంగానే సార్. కానీ బయటికి..."

"ఆగండి. మా పరిధి సరిపోలిక. అంటే తూటాకీ ఆయుధానికీ మధ్య ప్రవేశ సౌలభ్యం. నిష్క్రమణ మా పరిధిలో లేదు."

"సార్, అది బయటికి రాకుంటే గొట్టం పగుల్తాది సార్."

"మీరు పరీక్షించారా?"

"లేదు సార్. పర్మిషన్ ఇస్తే ఒకదాన్ని కట్టేసి, దూరంనుంచి కాల్చి చూపిస్తా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆలోచించండి. పరీక్షలో రైఫిల్ పగిలితే ప్రభుత్వ ఆస్తికి నష్టం. పగలకపోతే పరీక్షే అనవసరం. రెండు విధాలా అనుమతి ఇవ్వలేం."

ఆ వాదనలో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు. 'పై ఆయుధమునకు పై తూటా సరిపోలినది' అని ధ్రువపత్రం టైపు చేసి సంతకాలకి పెట్టాను. కమిటీ సభ్యులు ముగ్గురూ సంతకం చేశారు. దస్తగిరి నావైపు ఒకసారి చూసి, కుడిచెవి నావైపు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మంత్రిగారి చేత ప్రారంభోత్సవం నిర్ణయమైంది. పన్నెండు మంది కానిస్టేబుళ్ళు కొత్త రైఫిళ్ళతో కాల్చి చూపించాలి. మొదటి తూటా సుంకమ్మది. సుంకమ్మ మా దళంలో చేరి నాలుగేళ్ళు. ఎదురుగాలిలో కూడా గురి తప్పేది కాదు. ఆ విద్య నేర్పింది దస్తగిరే. ఆమె ఫొటో అప్పటికే ఫ్లెక్సీల మీద పడింది: నల్ల రైఫిల్ చెంపకి ఆనించుకుని, ఒక కన్ను మూసి.

ప్రారంభోత్సవానికి ముందురోజు ఉదయం తొమ్మిదింటికి రిహార్సలు. అంతకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం నేను సంతకం కోసం ఆయుధాగారానికి వెళితే, సుంకమ్మ అక్కడ దస్తగిరి ఎదురుగా నిలబడి ఉంది.

"అన్నా, అందరూ ఏందేందో అంటాండారు. నువ్వు చెప్పు. కాల్చొచ్చునా?"

"కాల్చొద్దు మ్మా."

"కాల్చకపోతే?"

"సస్పెండ్ చేస్తారు."

"కాలిస్తే?"

దస్తగిరి చేతిలో ఉన్న నూనెగుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న గొట్టాన్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. సుంకమ్మ నావైపు తిరిగింది. "సార్, మీరన్నా చెప్పండి. సరిపోయిందని కాయితం మీరే గదా కొట్టిండేది?"

"నేను టైపు మాత్రమే చేశానమ్మా" అన్నాను. నా సర్వీసులో నేను చెప్పిన మాటల్లో అంత నిజమైనదీ, అంత సిగ్గుచేటైనదీ ఇంకోటి లేదు.

ఆమె వెళ్ళిపోయాక దస్తగిరి అడిగాడు. "సార్, మీ బీరువాలో ఫైళ్ళు కట్టే తాడు ఉండలు ఉంటాయి గదా. ఒకటి ఇస్తారా?"

ఎందుకని అడగలేదు. అడిగితే నాకు తెలిసిపోతుంది; తెలిస్తే పైకి తెలియపరచాలి. నోట్ లేకుండా, రిజిస్టరులో రాయకుండా, ఒక ఉండ తీసి అతనికి ఇచ్చాను. నా ఉద్యోగంలో నేను చేసిన తిరుగుబాటు అదొక్కటే.

రిహార్సలు రోజు మేం వెళ్ళేసరికి ఫైరింగ్ రేంజిలో ఒక కొత్త రైఫిల్ పాత లారీ టైరుకి కట్టేసి ఉంది. చుట్టూ ఇసుక మూటలు. కాల్చే మనిషి చెంప ఉండాల్సిన చోట కూడా ఒక ఇసుక మూట. ట్రిగ్గర్‌కి కట్టిన తాడు పాతిక గజాల వెనకున్న కాంక్రీటు గోడ చాటుకి పోయింది. గోడ చాటున దస్తగిరి ఉన్నాడు.

"ఏమిటిది?" అన్నారు రణధీర్ గారు.

"అందరూ గోడ ఎనక్కి రాండి సార్" అని కేక వేశాడు దస్తగిరి.

"ఎవరి అనుమతితో..."

"సార్, నాకు కుడిచెవి వినపడదు సార్. గోడ ఎనక్కి రాండి!"

ఆ గొంతులో ఏముందో, కమాండెంట్ గారితో సహా అందరం పరుగెత్తాం. దస్తగిరి తాడు లాగాడు.

అది తుపాకి చప్పుడు కాదు. పెద్ద కుక్కర్ పేలినట్టు ధబ్‌మంది. దుమ్ము తగ్గాక దగ్గరికి వెళ్ళి చూశాం. రైఫిల్ నడుము దగ్గర చీలిపోయి ఉంది. తూటాలు నింపే మ్యాగజైన్ కిందికి ఊడి నేలలో దిగబడింది. ఎదురుగా ఉన్న గురిబోర్డు మీద గీత కూడా పడలేదు.

సుంకమ్మ ఇసుక మూట దగ్గర వంగి కూర్చుంది. గోనెకి ఒక చిల్లు పడి అందులోంచి ఇసుక సన్నగా కారుతోంది. ఆ చిల్లులో వేలు పెట్టింది. వేలు మొత్తం లోపలికి పోయింది. వేలికొసకి ఏదో తగిలినట్టుంది, తీసింది. గోరంత ఇనప ముక్క. దాన్ని అరచేతిలో పెట్టుకుని తన చెంప తడుముకుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మొదట మాట్లాడింది రణధీర్ గారు. "తాడు వాడడానికి అనుమతి ఎవరిచ్చారు?"

గంటలో అత్యవసర సమావేశం జరిగింది. మొదటిసారిగా ప్లైవుడ్ గోడ తీసేసి మూడు కమిటీలనీ ఒకచోట కూర్చోబెట్టారు. కార్యక్రమం రద్దు చేయడం కుదరదు; షామియానాలు వేసేశారు. తూటాలు మార్చడం కుదరదు. అవి సురక్షితమైనవని ధ్రువపత్రం ఉంది. రైఫిళ్ళు మార్చడం కుదరదు. ఫ్లెక్సీల మీద ఉన్నవి అవే. ప్రమీలాదేవి గారు భర్త వైపు చూసి, "మీరు కాస్త లావు గొట్టం ఎంచుకుని ఉండాల్సింది" అన్నారు. "నువ్వు కాస్త సన్న గుండు..." అని ఆయన ఏదో అనబోయి, ప్రమాణపత్రం గుర్తొచ్చి ఆగిపోయారు.

అప్పుడు బాలముకుందం గారు చెయ్యెత్తారు.

"మనం ఒక కోణాన్ని విస్మరిస్తున్నాం. రైఫిల్ పగిలింది. నిజమే. ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు సార్."

"ఎందుకు తగల్లేదు?"

రణధీర్ గారు ఎదురుగా ఉన్న ఫైలు తెరిచి వెతకడం మొదలుపెట్టారు.

"తాడు!" అన్నారాయన. ముఖం వెలిగిపోయింది. "మన విధానంలో లోపించింది తాడు. ఆయుధం, తూటా, తాడు. త్రివిధ భద్రత! ఒక కింది స్థాయి ఉద్యోగి అనుమతి లేకుండా, శాస్త్రీయత లేకుండా వాడినందువల్ల అది దుష్ప్రవర్తన అయింది. మనం అనుమతితో వాడితే అది విధానం అవుతుంది."

తాళ్ళ కమిటీ అక్కడికక్కడే ఏర్పడి రెండు గంటల్లో పని పూర్తి చేసింది. తాడు ఖాకీ రంగులో ఉండాలని, పాతిక గజాలకి తగ్గరాదని, చేతికి ఒరుసుకోకుండా మెత్తగా ఉండాలని తీర్మానించింది. ఖాకీ తాడు బజారులో దొరక్కపోతే తెల్లతాడుని టీ డికాక్షన్లో ముంచి ఆరవేశారు. దస్తగిరిని ఆ సాయంత్రమే ఆయుధాగారం నుంచి తప్పించారు.

మర్నాడు మంత్రిగారు వచ్చారు. మైదానంలో పన్నెండు నల్ల రైఫిళ్ళు పన్నెండు టైర్లకి కట్టేసి, పూలదండలు వేసి ఉన్నాయి. పన్నెండు మంది కానిస్టేబుళ్ళు గోడ వెనక తాళ్ళు పట్టుకుని అటెన్షన్‌లో ఉన్నారు. వేదికని కూడా జాగ్రత్తగా గోడ వెనకే వేశారు. మంత్రిగారికి చూడడానికి పెద్ద తెర పెట్టారు.

"వీళ్ళెందుకు గోడ చాటున నిలబడ్డారు?" అని మంత్రిగారు అడిగారు.

"దూరనియంత్రణ విధానం సార్. సిబ్బంది సంక్షేమానికి ప్రథమ స్థానం" అన్నారు బాలముకుందం గారు.

ఈల ఊదారు. సుంకమ్మ మొదట లాగింది. తర్వాత అందరూ లాగారు. తొమ్మిది రైఫిళ్ళు పగిలాయి. మూడు నోరు విప్పలేదు. ఒక పూలదండ ఎగిరి వచ్చి వేదిక ముందు పడింది. మంత్రిగారు అదేదో ఏర్పాటులో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. జనమంతా కొట్టారు.

"గుళ్ళు ఎక్కడ తగిలాయయ్యా?" అన్నారు మంత్రిగారు తెర మీద గురిబోర్డులు చూస్తూ.

"ఎక్కడా తగల్లేదు సార్. అదే భద్రత."

ఒక స్థానిక విలేఖరి లేచి నిలబడ్డాడు. "సార్, దొంగలు ఆనకట్ట మీద పడితే అప్పుడు టైర్లు, ఇసుక మూటలు యాడ తెస్తారు?"

బాలముకుందం గారు చిరునవ్వు నవ్వారు. "మంచి ప్రశ్న. అది అమలు దశకి సంబంధించినది. మనమిప్పుడు ప్రారంభ దశలో ఉన్నాం."

ఆ ఏడాది, కొత్త విధానం వచ్చాక ఒక్క ప్రమాదం కూడా జరగనందుకు మా దళానికి భద్రతా షీల్డు వచ్చింది. జరిగే అవకాశమూ లేదు. మిగిలిన రైఫిళ్ళని ఖాళీగా మోయాలని, తూటాలని వేరే కట్టడంలో సీలు వేసి ఉంచాలని ఉత్తర్వు వచ్చింది. ఆదివారాలు ఆనకట్ట చూడడానికి వచ్చేవాళ్ళు ఆ రైఫిళ్ళు పట్టుకున్న మావాళ్ళ పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు.

ఇక దస్తగిరి మీద విచారణ. అభియోగం: అనుమతి లేకుండా ఒక రైఫిల్‌ని ధ్వంసం చేయడం. అనుమతితో ధ్వంసమైన తొమ్మిదింటి ప్రస్తావన రానవసరం లేదని ముందే తేల్చారు. బాలముకుందం గారు ప్రశ్నలు వేశారు. నేను పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేశాను. దస్తగిరి ఈసారి ఎడమచెవి ఆయనవైపు పెట్టి నిలబడ్డాడు.

"తాడు లాగితే రైఫిల్ పగులుతుందని మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసి కూడా లాగారు."

"తెలిసే లాగినా సార్."

"తాడు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నా వేళ్ళు ఆగిపోయాయి. నోరు తెరిస్తే బయటపడేదేమిటో నాకు తెలుసు. రెండేళ్ళలో పదోన్నతి, ఆ తర్వాత పెన్షను గుర్తొచ్చాయి. కళ్ళు కంప్యూటర్ మీదే పెట్టుకున్నాను.

"బజార్లో కొన్యా సార్" అన్నాడు దస్తగిరి, నావైపు చూడకుండా.

'బజారులో కొన్నట్లు చెప్పాడు' అని టైపు చేశాను.

"చివరిగా చెప్పుకునేదేమైనా ఉందా?"

దస్తగిరి కాస్త ఆలోచించాడు. "రైఫిలు పగిల్తే ఇంకోదానికి ఇండెంట్ పెడ్తారు సార్. రెండు నెల్లకో, మూడు నెల్లకో వస్తాది. సుంకమ్మ చేతిలో పగిలింటే, ఆ చేతికి ఇండెంట్ ఏ ఆఫీసులో పెట్టల్ల సార్?"

బాలముకుందం గారు పెన్ను మూత పెట్టారు. ఆయన కళ్ళలో ఒక్క క్షణం ఏదో కదిలినట్టు నాకనిపించింది. తర్వాత ఆయన నావైపు తిరిగి, "రాసుకోండి. నేరం అంగీకరించాడు" అన్నారు.

నేను మాత్రం దస్తగిరి అన్న మాటలన్నీ ఉన్నదున్నట్టు టైపు చేశాను. ఆయన చదివి ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 'అప్రస్తుతం' అని రాశారు.

దస్తగిరిని చేపపిల్లల పెంపక కేంద్రానికి వాచ్‌మన్ డ్యూటీకి వేశారు. జలాశయానికి అవతలి గట్టున ఉంది అది. ఆయుధాలు, తాళ్ళు అతనికి అందుబాటులో ఉండరాదని ఉత్తర్వులో ఉంది. అక్కడ వలలుంటాయి కాబట్టి తాళ్ళ విషయంలో కొంత చర్చ జరిగింది. చివరికి వలని తాడుగా పరిగణించనక్కర్లేదని తేల్చారు.

నెల్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నేను అటు వెళ్ళాను. ఏం మాట్లాడాలో దారంతా ఆలోచించుకున్నాను. దస్తగిరి తొట్టె గట్టు మీద కూర్చుని, నీళ్ళలో మేత చల్లుతున్నాడు. నన్ను చూసి లేచి, తను కూర్చున్న పీట నాకు వేశాడు. తాడు సంగతి ఎత్తబోయాను.

"చేపలకి అరుపులు పడవంట సార్. మెల్లగ మాట్లాడల్ల" అన్నాడు. ఇక ఆ మాట ఎత్తలేకపోయాను.

అంతలో సుంకమ్మ సైకిలు దిగి వచ్చింది. యూనిఫారంలోనే ఉంది. గుడ్డమూట విప్పి, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మా ముందు పెట్టింది. రొట్టెలు పల్చగా, ఒకే మందాన, గుండ్రంగా ఉన్నాయి. నాకో రొట్టె, దస్తగిరికో రొట్టె చేతికిచ్చింది.

"హోటల్లో తెచ్చినావా మ్మా?" అన్నాడు దస్తగిరి.

"హోటలోళ్ళకి ఇట్లా వస్తాయా అన్నా? పొద్దున లేసి నేనే తట్టినా" అంటూ రెండు అరచేతులూ చాపి, రొట్టె ఎలా తిప్పుతూ తట్టాలో గాలిలో చూపించింది.

దస్తగిరి ఆ చేతుల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల వంచుకుని రొట్టె తుంచి, పొడిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు.

"పొడిలో ఉప్పు తక్కువైంది మ్మా" అన్నాడు.